లెక్కపెట్టేవాడు లేని సంఖ్య

2024 అక్టోబరులో అప్పటిదాకా తెలిసినవాటన్నిటికంటే పెద్ద ప్రధాన సంఖ్య బయటపడింది. 2ను 13,62,79,841 సార్లు వేసి గుణించి, అందులోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్య అది. అంకెలే 4,10,24,320. కుందూ, పెన్నా నదుల ఇసుకను రేణువు రేణువుగా లెక్కపెట్టినా ముప్పై అంకెలు దాటవు. ఏ వస్తువుల గుంపుకూ చెల్లని ఈ సంఖ్య, లూక్ డ్యురాంట్ పట్టుకోకముందు ఉన్నట్టా, లేనట్టా?

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. ఆయన లెక్క ప్రకారం సంఖ్య అనేది ద్రవ్యాలకుండే గుణం. ఒకటి నుంచి పరార్ధం దాకా, అంటే ఒకటి పక్కన 17 సున్నల దాకా. నిత్యమైన వస్తువులో ఉండే ఒకటి నిత్యమే గానీ, రెండు మొదలు పైవన్నీ అనిత్యం. ‘ఇదొకటి, అదొకటి’ అనే అపేక్షాబుద్ధి కలిగితేనే రెండు పుడుతుందని, ఆ బుద్ధి పోతే రెండూ పోతుందని నైయాయికుల, అంటే ఆయన వంటి న్యాయశాస్త్ర పండితుల మాట. వస్తువులను లెక్కపెట్టడం గురించి ఇంత నిశితంగా ఆలోచించినవాళ్లు అరుదు. కానీ ప్రధానత్వానికి ఈ వివరణ చాలదు. బుద్ధి పుట్టించినదైతే బుద్ధి చెప్పినట్టు వినాలి కదా? 2 ఘాతం 67లోంచి 1 తీస్తే వచ్చేది ప్రధాన సంఖ్యేనని 1644లో గణితజ్ఞుడు మెర్సెన్ ప్రకటించాడు. కాదని 1876లో ల్యూకా తేల్చాడు. 1903లో కోల్ దాని కారణాంకాలు చూపించాడు: 19,37,07,721, 7,61,83,82,57,287. మెర్సెన్ రోజుల్లో అవి ఏ మనిషి బుద్ధిలోనూ లేవు. అయినా ఆయన మాట అప్పుడూ తప్పే.

గుణకారం మనిషి పెట్టుకున్న నియమం, ఫలితమూ మనిషిదే అనవచ్చు. అయితే ఒక పరీక్ష చూడండి. 2 ఘాతం 5లోంచి 1 తీస్తే 31. అది ప్రధానమో కాదో తేలాలంటే 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి, 2 తీసేసి, 31తో భాగించి శేషం ఉంచుకోవాలి. మొదట 14, తర్వాత 194కు శేషం 8, ఆపైన 62కు శేషం సున్న. చివరిదైన మూడో అడుగులో సున్న వచ్చింది కాబట్టి 31 ప్రధానం. ఘాతం 11 అయితే వచ్చే 2047కు ఇదే పరీక్ష తొమ్మిది అడుగులు. చివర సున్న రాదు, ఎందుకంటే అది 23, 89ల లబ్ధం. నియమం మనం పెట్టుకున్నదే కావచ్చు, ఆ సున్న మాత్రం మన చేతిలో లేదు.

ఇంకా బలమైన ఆక్షేపణ నైయాయికుల దగ్గరే ఉంది. కంటికి కనిపించని పరమాణువుల్లో రెండు అనే సంఖ్య ఎలా పుడుతుందంటే, ఈశ్వరుడి అపేక్షాబుద్ధి వల్ల అన్నారు వాళ్లు. మనిషి లెక్కపెట్టని సంఖ్యకు కూడా ఆధారం కావాలని వాళ్లకు తోచడం నాకు చాలా విలువైన సంగతి. అయితే ఈశ్వరుడు తలచుకుంటే 2047 ప్రధానమవుతుందా? అవుతుందంటే 23, 89ల లబ్ధం 2047 కాకుండా పోవాలి. కాదంటే, ఆయన బుద్ధి కూడా ప్రధానత్వాన్ని పుట్టించడం లేదు, ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఎరుగుతోంది. నేను ఈ రెండో పక్షమే. దీనివల్ల సర్వజ్ఞత్వానికి లోటేమీ రాదు. ఎరగడానికి నిజమైనది ఒకటి ఉన్నప్పుడే సర్వజ్ఞుడు అనే మాటకు అర్థం.