కళ్లు మూస్తే బుద్ధుడు కనబడకపోతే



పున్నమి వందనలో త్రిశరణాలు, పంచశీల అయిపోయినంక ఒక మాట అలవాటుగా అంటుంటాం: "కళ్లు మూసుకోండి, తథాగతుడి రూపాన్ని మనసులో నిలుపుకోండి." ఆ మాట అందరికీ ఒకే తీరుగా పనిచేస్తుందా అని ఎవరం అడగం. కొందరికి కళ్లు మూస్తే చీకటే. బుద్ధుడే కాదు, కన్నతల్లి ముఖం కూడా రాదు.

నాగల్‌గిద్దలో ఒక ఉపాసిక నన్ను పక్కకు పిలిచి అడిగింది. "అన్నా, కళ్లు మూస్తే బాబాసాహెబ్ కనవడ్తడని అందరంటరు. నాకేం కనవడది. మా అవ్వ సచ్చిపోయి మూడేండ్లాయె, ఆమె మొఖం గూడ రాదు. ఫోటో చూస్తే గుర్తువడ్త. అంటే నాకు ఆమె మీద పాణం లేనట్టేనా?" అదే నోటితో వాళ్ల అవ్వ సంగతులు ఎన్ని చెప్పిందో! ఆకలితో ఎవరొచ్చినా తన జొన్నరొట్టెలో సగం తుంచి పెట్టేదట. కూలి తక్కువిచ్చిన పటేల్‌తో ఎదురుమాట్లాడిందట. అన్నీ ఉన్నాయి, బొమ్మ ఒక్కటే లేదు.

ఇది రోగం కాదు, మనసు పెట్టకపోవడం అంతకన్నా కాదు. 1880లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన, పొద్దున ఫలహారం చేసిన బల్లను తలచుకుని అది మనసులో ఎంత స్పష్టంగా కనబడుతుందో చెప్పమని పలువురిని అడిగాడు. కొందరు శాస్త్రవేత్తలే అసలు అట్లాంటి బొమ్మ ఉంటుందని నమ్మలేదు. 'మనసులో చూడటం' అంటే మాటవరసకు అనేది అనుకున్నారు. (మేలైన పుట్టుక, తక్కువ పుట్టుక అంటూ 'యూజెనిక్స్' వాదం లేపిందీ ఈ గాల్టనే. ఆ సంగతి మనం మరవొద్దు.) 2015లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆడమ్ జెమన్, ఆయన సహచరులు ఇట్లాంటి 21 మంది గురించి రాసి, దీనికి 'అఫాంటేసియా' అని పేరు పెట్టారు. బొమ్మల సినిమాలు తీసే పిక్సార్ సంస్థను నిలబెట్టినవాళ్లలో ఒకరైన ఎడ్ క్యాట్‌మల్‌కు కూడా మనసులో బొమ్మ రాదు.

మరి ధ్యానం సంగతి? బుద్ధఘోషుడి విశుద్ధిమగ్గంలో పఠవీ కసిణం అని ఒకటుంది. జానెడు మీద నాలుగు వేళ్ల వెడల్పున మట్టితో గుండ్రని బిళ్ల చేసి, దాన్ని చూస్తూ చూస్తూ, చివరికి కళ్లు మూసినా అట్లే కనబడేదాకా సాధన చేయాలి. బొమ్మ రానివాళ్లకు ఇది కుదరదు, దాచేదేముంది? కానీ అదే పుస్తకంలో ధ్యాన విషయాలు మొత్తం 40. మనిషి స్వభావాన్ని బట్టి విషయాన్ని ఎంచుకోమని కూడా చెబుతుంది. ఇంకా ముఖ్యమైనది బుద్ధానుస్సతి. బుద్ధుణ్ణి తలచుకోవడం అంటే అక్కడ ఆయన ముఖం కాదు, ఆయన తొమ్మిది గుణాలు. వక్కలి అనే భిక్షువు రోగంతో మంచం పట్టి బుద్ధుణ్ణి చూడాలని తపిస్తే, ఈ శరీరాన్ని చూసి ఏం లాభం, ధమ్మాన్ని చూడమన్నాడాయన. ఆ ఉపాసికకు నేను చెప్పింది కూడా ఇదే: అవ్వ ముఖం రాకపోతే రాకపోనీ, ఆ సగం రొట్టెను తలచుకో.

మన అమరావతి స్తూపం తొలి శిల్పాల్లో బుద్ధుడుండాల్సిన చోట మనిషి రూపం లేదు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం, ధమ్మచక్రం. చెక్కడం చేతకాక కాదు, చుట్టూ మొక్కుతున్న జనాన్ని కళ్లకు కట్టినట్టు చెక్కారు. ఆ ఖాళీ ఆసనం ముందు మొక్కినవాళ్ల శ్రద్ధ తక్కువదా? తర్వాతి కాలంలో విగ్రహమూ వచ్చింది, అది వేరే సంగతి.

అసలు గట్టి ప్రశ్న ఇంకొకటుంది. ఎదుటివాడి బాధను మనసులో చూడలేనివాడికి కరుణ ఎట్లా పుడుతుంది? ఈ ప్రశ్నకు మన బతుకులే జవాబు. తరతరాలుగా మన తాతముత్తాతలు వాళ్ల కళ్ల ముందే నిలబడ్డారు. దోసిలి పట్టి నీళ్లు అడిగారు. వాళ్లు ఊహించుకోవాల్సిన పని కూడా లేకుండె, ఎదురుగా కనబడుతూనే ఉంది. అయినా కడవ వంచలేదు. చూపుకు, కరుణకు నడుమ ఇంత దూరం ఉంటుంది. సిద్ధార్థుడు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లు విడిచాడన్న కథను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. 29 ఏళ్లదాకా అవి చూడకుండా ఎవడుంటాడు? శాక్యులకు, కోలియులకు రోహిణి నది నీళ్ల కోసం వచ్చిన తగాదాలో యుద్ధం వద్దని నిలబడ్డాడు కాబట్టే వెళ్లాల్సి వచ్చిందని 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో రాశారు. ఒక దృశ్యం కాదు, ఒక నిర్ణయం.

అట్లని బొమ్మ రానివాళ్ల మనసు పుట్టుకతోనే నిర్మలం అనుకుంటే పొరపాటే. కోపం, ఆశ మాటల రూపంలో కూడా వస్తాయి. నిన్నటి తిట్టు వంద సార్లు తిరగడానికి తిట్టినవాడి ముఖం అక్కర్లేదు.

వందన నడిపేవాళ్లకు నా మనవి ఒకటే. 'చూడండి' అనే చోట 'తలచుకోండి' అనండి. ఆనాపానానికి బొమ్మ పని లేదు, ముక్కు కొన దగ్గర గాలి తాకడం తెలిస్తే చాలు. మైత్రి భావనలో ముఖం రానివాళ్లు ఆ మనిషి పేరు అనుకోవచ్చు, ఆ మనిషి పడుతున్న ఒక కష్టం అనుకోవచ్చు. పిల్లల శిబిరాల్లోనైతే ముందే అడగండి: "కళ్లు మూస్తే నీకు ఏమొస్తది?" ఏం రాదన్న పిల్లను ధ్యాస లేదని గద్దించొద్దు.