అడవిగాచిన వెన్నెల

వినేవాడు లేని పాటను అడవిగాచిన వెన్నెల అనేస్తాం. పాపం, దండగైపోయిందని మన జాలి. వెన్నెలకు ఆ బెంగ ఉంటుందా అని నా అనుమానం.

కాన్లన్ నాంకారో సంగతే చూడండి. 1912లో అమెరికాలో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకో మీద పోరాడాడు. కమ్యూనిస్టువని సొంత దేశం పాస్‌పోర్టు ఇవ్వకపోతే 1940లో మెక్సికో చేరి, తర్వాత ఆ దేశపు పౌరుడే అయిపోయాడు.

ఒకే పాటలో రెండు మూడు వేగాలు కలిసి పరుగెత్తాలని ఆయన పట్టు. మనిషి వేళ్ళకు అది అయ్యే పనా? అంచేత, చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట పెడితే తనంతట తనే మోగే మరపియానోను ఆశ్రయించాడు. 1947లో న్యూయార్కు వెళ్ళి చిల్లుల మిషనొకటి సంపాదించాడు. ఇక ఏళ్ళ తరబడి అదే చాకిరీ! కొద్ది నిమిషాల సంగీతానికి నెలలు పట్టేది. వినేవాళ్ళా, బహు కొద్దిమంది. 1982లో మెకార్థర్ ఫౌండేషన్ బహుమతి వచ్చేసరికి దాదాపు డెబ్బయ్యేళ్ళు. 1997లో మెక్సికోలోనే పోయాడు.

ఆ బహుమతి రాకపోతే చిల్లులన్నీ వృథాయేనా? వినేవాడుంటే సంతోషం రెట్టింపవుతుంది, కాదనను. కాని బహుమతి వచ్చిన రోజున ఆ పాటల్లో ఒక్క చిల్లయినా మారలేదు గదండీ! మారింది మన చెవులే. వెన్నెలకేం లోటు? అడవిదాకా నడవనివాడిదే నష్టం.