తిరుగు రథం

తెలుగు పత్రికల్లో పూరీ రథం బొమ్మ ఆషాఢ శుద్ధ విదియ మర్నాడు మొదటి పేజీలో పడుతుంది. దశమి నాటి తిరుగు ప్రయాణం, ఒడియావాళ్ళు బాహుడా అనేది, ఏ లోపలి పేజీలోనో ఓ మూల సర్దుకుంటుంది. కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం వైపు తెలుగువాళ్ళకు ఈ లెక్క నచ్చదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడేదాకా ఇదంతా విశాఖపట్నం జిల్లా. పండుగల దగ్గర రెండు భాషలూ ఇక్కడ ఎప్పుడో కలిసిపోయాయి. రథం వెళ్ళడం ఎంత పండుగో, రావడమూ అంతే.

అంతటా నిండి ఉన్నవాడికి ఊరెళ్ళడం ఏమిటి, తిరిగి రావడం ఏమిటి? వేదాంతం చదువుకున్నవాళ్ళు తడుముకోకుండా జవాబు చెబుతారు: గుడిలోకి రాలేనివాళ్ళ కోసం ఆయనే వీధిలోకి వస్తాడు. బాగుంది. కానీ ఈ జవాబు విదియ నాటికే సరిపోతుంది, దశమికి చాలదు. అందరి కోసం బయటికి వచ్చినవాడు మళ్ళీ లోపలికి ఎందుకు పోవాలి?

మన పండుగల్లో చాలావాటికి ఆఖరి రోజంటే సాగనంపడమే. వినాయకుణ్ణి నీళ్ళలో కలుపుతాం. బతుకమ్మను చెరువులో వదిలి వస్తాం. దేవుడు వెళ్ళిపోతాడు, మనం ఇంటికొస్తాం. జగన్నాథుడి దగ్గర ఇది తిరగబడింది. ఇంటికి రావాల్సింది ఆయన. వచ్చేసరికి తలుపు వేసి ఉంటుంది.

పూరీలో ఈ రాక ఒక్కపూటతో తేలదు. సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోని గుండిచా మందిరం నుంచి దశమి నాడు బయల్దేరి, దారిలో మౌసీమా (పినతల్లి) గుడి దగ్గర ఆగి పోడపిఠా అనే కాల్చిన పిండివంట ఆరగించి, మూడు రథాలూ సింహద్వారం ముందుకొస్తాయి. అయినా దేవుళ్ళు దిగరు. ఏకాదశి నాడు రథాల మీదే బంగారు అలంకారం. ద్వాదశి నాడు అధరపణా: పెదవుల దాకా వచ్చే పొడుగాటి కుండల్లో పాలు, మీగడ, అరటిపండ్లు కలిపిన తీపి పానకం నైవేద్యం పెట్టి, ఆ కుండల్ని రథం మీదే పగలగొడతారు. అది భక్తులకు పంచే ప్రసాదం కాదు. రథాన్ని అంటిపెట్టుకుని వచ్చిన, కంటికి కనబడని ప్రేతాత్మలకట. ఊరెళ్ళి వస్తూ వెంట ఎవరెవరు వచ్చారో చూసుకుని, వాళ్ళ దాహం కూడా తీర్చి గాని లోపలికి పోకూడదన్నమాట. పెద్ద పెద్ద గ్రంథాల్లో కంటే ఈ కుండల్లోనే ఎక్కువ తత్త్వం ఉందనిపిస్తుంది.

త్రయోదశి నాడు నీలాద్రి విజయం. అన్నగారు బలభద్రుడు, చెల్లెలు సుభద్ర లోపలికి వెళ్ళిపోతారు. జగన్నాథుడు మాత్రం గుమ్మం బయటే. తనను వదిలేసి అన్నాచెల్లెళ్ళను వెంటేసుకుని వెళ్ళాడని లక్ష్మి కోపం. యాత్ర మధ్యలో వచ్చే హేరా పంచమి నాడే గుండిచా దాకా వెళ్ళి, రథం చెక్క ఒకటి విరగ్గొట్టి మరీ వచ్చిన ఇల్లాలు ఆవిడ. ఇద్దరి తరఫునా సేవకులు వాదులాడుకుంటారు. చివరికి రసగుల్లాలు ఇచ్చుకుని స్వామి లోపల పడతాడు.

లక్ష్మి పక్షాన మాట్లాడేవాళ్ళు వేరు, స్వామి పక్షాన మాట్లాడేవాళ్ళు వేరు. స్వామి పక్షం దైతాపతులది. జగన్నాథుడి తొలి రూపమని చెప్పే నీలమాధవుణ్ణి అడవిలో రహస్యంగా కొలిచిన శబర నాయకుడు విశ్వావసు కథ తెలిసిందే. అతని కూతురు లలితకూ, రాజు పంపిన బ్రాహ్మణుడు విద్యాపతికీ పుట్టిన సంతతి తామేనని దైతాపతులు చెప్పుకుంటారు. స్నాన పూర్ణిమ నుంచి నీలాద్రి విజయం దాకా దేవుడు వాళ్ళ చేతుల్లో ఉంటాడు. ఆ స్నానంతో స్వామికి జ్వరం వస్తే మందు పెట్టేదీ, విగ్రహాలు మార్చే నవకళేబరంలో పాత విగ్రహాలను పూడ్చిపెట్టి అశౌచం పాటించేదీ వాళ్ళే. సేవకులు కాదు, చుట్టాలు. ప్రయాణం ముగిసిన రోజుతో ఈ చుట్టరికపు హక్కు ముగుస్తుంది. రత్నసింహాసనం మీద నిత్యపూజ మళ్ళీ బ్రాహ్మణులది. దైతాపతులు ఇవాళ పూరీలో పలుకుబడి లేనివాళ్ళేమీ కాదు. కానీ ఏర్పాటు మాత్రం ఇదే: ప్రయాణంలో ఉన్న దేవుడు బంధువులవాడు, ఇంట్లో ఉన్న దేవుడు పూజారులవాడు.

కోరాపుట్ కొండ మీద 1972లో కట్టిన జగన్నాథ మందిరానికి శబర శ్రీక్షేత్రమని పేరు. గుడిని ఆనుకునే గిరిజన మ్యూజియం ఉంది. విశ్వావసు పేరును గుడి గుమ్మానికే తగిలించాలనుకున్న ఆలోచన గొప్పది. ఆనాటి శబరులు, గిడుగు రామమూర్తి నిఘంటువు రాసిపెట్టిన గుణుపురం కొండల సవరలూ ఒకరేనా అని చరిత్రకారులు వాదించుకోవచ్చు. 1970ల్లో ఒడిశాలో పనిచేసిన జర్మన్ పండితురాలు అన్షార్లట్ ఎష్‌మన్, ఈ కొయ్య దేవుడి మూలాలను కోందుల వంటి గిరిజనుల కొయ్య, స్తంభ దేవతల్లో వెతికింది. మూలం అక్కడే ఉందనుకున్నా, ఇబ్బంది తీరదు. చుట్టాలను పేరులో పెట్టుకోవడం ఒకటి, గర్భగుడిలో పెట్టుకోవడం ఇంకొకటి.

బయట నిలబడ్డవాళ్ళ సంగతి సాలబేగ్ కథలో తెలుస్తుంది. 17వ శతాబ్దపు ఈ ముస్లిం భక్తకవికి పూరీ గుడిలో ప్రవేశం లేదు. బృందావనం నుంచి వస్తూ దారిలో జబ్బుపడి, తాను చేరేదాకా ఆగమని వేడుకుంటే, బాహుడా నాడు జగన్నాథుడి నందిఘోష రథం కదలకుండా నిలిచిపోయిందని చెబుతారు. రథాలు నడిచే బడదాండ వీధి పక్కనే అతని సమాధి. రథం ఆగింది వెళ్ళేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు. లోపలికి పోతే మళ్ళీ ఏడాదిదాకా అతనికి దర్శనం లేదు మరి.

ఇప్పుడు రథం దేశాలు దాటింది. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇస్కాన్ భక్తులు ఒక లారీనే రథంగా చేసుకున్నారు. లండన్, న్యూయార్క్ తర్వాత చేరాయి. అక్కడ సెలవు రోజు చూసుకుని లాగుతారు, చాలాచోట్ల ఊరేగింపు ఏ పార్కులోనో భోజనాలతో ముగుస్తుంది. తిథి తప్పడంపై పూరీ గజపతి దివ్యసింహ దేవ్ అభ్యంతరం చెబుతూ వస్తున్నారు. తిథి మాట అలా ఉంచి, ఆ ఊళ్ళల్లో బాహుడా సంగతేమిటని అడగాలి. అక్కడి గుళ్ళల్లో అన్ని మతాలవాళ్ళకూ ప్రవేశం ఉంది. లోపల బయట అన్న గీతే లేనప్పుడు, తిరిగి రావడానికి బరువెక్కడిది? ఇది ఆ ఊళ్ళ లోపమో, పూరీ లోపమో తేల్చడం అంత తేలిక కాదు.

ఒడియా సంప్రదాయంలోనే ఇంకో తిరుగు ప్రయాణం ఉంది. 16వ శతాబ్దపు బలరామ దాసు లక్ష్మీ పురాణాన్ని మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చదువుకుంటారు. చండాల స్త్రీ శ్రియా ఇంటికి వెళ్ళినందుకు బలభద్రుడు లక్ష్మిని వెళ్ళగొట్టిస్తాడు. ఆవిడ వెళ్ళాక అన్నదమ్ములిద్దరికీ అన్నం పుట్టదు. ఇల్లిల్లూ అడుక్కుని, చివరికి ఆవిడ గుమ్మం ముందుకే వస్తారు. తిరిగి రమ్మంటే ఆవిడ షరతు పెట్టింది: ఇకమీదట బ్రాహ్మణుడూ చండాలుడూ ఒకరి చేతి అన్నం ఒకరు తినాలి. పూరీ గుడి మహాప్రసాదం దగ్గర కులం అడగకూడదన్న ఆచారాన్ని జనం ఈ కథతోనే ముడిపెడతారు. బలభద్రుడు ఒప్పుకున్నాకే లక్ష్మి గుడిలో అడుగుపెట్టింది. ఆషాఢ త్రయోదశి నాడు తలుపు వేసేదీ ఆవిడే. ఆ రోజు మాత్రం ఆవిడ అడిగేది తన మొగుడి సంజాయిషీ ఒక్కటే.