దేవుడికి పెట్టింది మనకి ఆనదా?

మొన్న గీత 17వ అధ్యాయం వీడియోలో ఆహారం గురించిన మూడు శ్లోకాలు గబగబా దాటేశాను. కావాలనే. దాని వెనక మా ఇంటి సంగతి ఒకటి ఉంది, కెమెరా ముందు చెప్పబుద్ధి కాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

పోయిన శ్రావణమాసం. మంగళగౌరీ నోములు, వరలక్ష్మీ వ్రతాలు... అమ్మ పేరంటానికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ వాయనంలో నానబెట్టిన శనగలు. మీ ఇళ్ళల్లోనూ ఇంతే కదా! ఫ్రిజ్‌లో నాలుగు డబ్బాలు నిండిపోయాయి. అమ్మ గుగ్గిళ్ళు చేసి, దేవుడి దగ్గర పెట్టి, తలా ఒక గిన్నెలో ఇచ్చేది. నేను నాలుగు గింజలు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, లాప్‌టాప్ పక్కన మిక్చర్ ప్యాకెట్ చింపేవాణ్ణి. ఐదున్నరకి కాల్ ఉంటుంది, కరకరలాడేది ఏదో ఒకటి చేతికి అందాలి. నాన్నగారు కూడా వచ్చి నా ప్యాకెట్‌లోనే చెయ్యి పెట్టేవారు.

ఆ నెలలోనే నాన్నగారి రిపోర్టు వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే షుగర్ టెస్టులో 8.1. బీపీ ఎలాగూ ఉంది. అమ్మ ఏమీ అరవలేదు. వాసన వచ్చిన శనగల డబ్బా సింకులో కడుగుతూ, "దేవుడికి పెట్టింది మీకు ఆనదురా. మీరు తినేదేమో దేవుడికి పెట్టలేను" అంది. అంతే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రాత్రి ఆ శ్లోకాలు మళ్ళీ తీశాను. సాత్త్వికాహారం ఆయుష్షు, బలం, ఆరోగ్యం, సుఖం, ప్రీతి పెంచుతుందట. మరీ కారం, పులుపు, ఉప్పు, నోరు మండించేవి రాజసం, వాటి ఫలితం దుఃఖమూ రోగమూ. నా ప్యాకెట్ వెనక చదువుతున్నట్టే అనిపించింది. తామసంలో మొదటిది యాతయామం, అంటే వండి ఒక జాము, మూడు గంటలు, దాటినదని చాలామంది చెప్పే అర్థం. మరి ఆవకాయ సంగతేంటి అని మీరు అడుగుతారని తెలుసు! శంకరాచార్యుల భాష్యంలో ఆ మాటకి సరిగా ఉడకనిది అనే అర్థం ఉంది. గడియారం పెట్టుకుని తినమని కాదు లెండి.

అయితే నన్ను పట్టుకున్నది ఆ శ్లోకాలు కాదు, మూడో అధ్యాయం 13వ శ్లోకం. తమ కోసమే వండుకునేవాళ్ళు పాపాన్నే తింటారంటాడు కృష్ణుడు. వండుకునేవాళ్ళ సంగతే అలా ఉంటే, గరిటె ముట్టుకోకుండా తిని పోయే నా సంగతేంటి? "ఇంటి తిండే ఆరోగ్యం" అని మనం స్టేటస్ పెట్టేస్తాం. ఆ ఇంటి తిండి కోసం మోకాళ్ళ నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడేది అమ్మ.

అందుకని శుక్రవారం సాయంత్రం నైవేద్యం నేను చేస్తానన్నాను. గుగ్గిళ్ళకి ఇంజనీరింగ్ అక్కర్లేదు. గ్లాసు శనగలు రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్ళు మార్చి, సాయంత్రం కుక్కర్‌లో నాలుగైదు కూతలు. నీళ్ళు వార్చి, చెంచాడు నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు, పైన గుప్పెడు కొబ్బరి. ఎండు శనగల్లో 100 గ్రాములకి సుమారు 20 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, జిమ్‌కి వెళ్ళేవాళ్ళు గమనించండి. చిక్కంతా ఉప్పుతోనే. నైవేద్యం రుచి చూడకూడదు కదా. మొదటి వారం ఉప్పు కషాయం, రెండో వారం ఉప్పే లేదు. అమ్మ రెండూ మాట్లాడకుండా తింది. ఇప్పుడు గ్లాసుకి ముప్పావు చెంచా అని లెక్క కుదిరింది, నాన్నగారి బీపీకీ అది చాలు.

వినాయక చవితికి ఉండ్రాళ్ళు కూడా నేర్చుకున్నాను. గ్లాసు బియ్యపు రవ్వకి రెండు గ్లాసుల నీళ్ళు, కాస్త నానిన శనగపప్పు, జీలకర్ర. ఉడికించి, ఉండలు చుట్టి, పది నిమిషాలు ఆవిరి మీద పెట్టడమే, నూనెలో వేయించే పని లేదు. నావి గుండ్రంగా రావు, వినాయకుడు ఏమీ అనుకోలేదు. రవ్వ బియ్యమే కాబట్టి నాన్నగారికి రెండే.

గుగ్గిళ్ళు తిని షుగర్ తగ్గిందని చెప్పను. నాన్నగారికి మాత్రలున్నాయి, పొద్దుటి నడక ఉంది. మిక్చర్ ప్యాకెట్ మాత్రం ఇంట్లోకి రావడం తగ్గింది, పూర్తిగా ఆగిందంటే అబద్ధం. శుక్రవారం ఐదింటికి నాన్నగారు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి "ఇవాళ ఏంట్రా?" అంటారు. హారతి అయ్యాక ముగ్గురం అక్కడే పీటల మీద కూర్చుని తింటాం. ఫోన్లు హాల్లో.

ఇవాళ శుక్రవారమే. రాత్రి రిలీజ్ గొడవలో శనగలు నానబెట్టడం మర్చిపోయాను. పెసరపప్పయితే రెండు గంటల్లో నానుతుంది. కీరదోస, కొబ్బరి, పచ్చిమిర్చి, నిమ్మకాయ ఇంట్లో ఉన్నాయి. శ్రీరామనవమి కాకపోయినా వడపప్పు పెడితే తప్పేంటి అంటోంది అమ్మ. వెళ్ళి పప్పు కడగాలి.