జడమొక్క మీది కట్టు

అస్కా బజారులో ఒక వర్తకుని కొట్టున గల్లాపెట్టె ప్రక్కన ఒక మొక్క కలదు. మూడు కాండములను ఆడపిల్ల జడవలె అల్లి, నడుమ ఎర్ర రిబ్బను చుట్టినారు. బరంపురము నుండి తెచ్చినది. శాస్త్రజ్ఞులు దీనిని పకీరా ఆక్వాటికా అందురు; అమ్మువారు మనీ ట్రీ అందురు. పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాల చిత్తడి నేలలు. అచ్చట జడ లేకయే పెద్ద చెట్టగును. జడ అల్లి అమ్ముట 1980 దశకమున తైవానులో వ్యాపించినది. ధనము తెచ్చునన్నది అమ్మువారి మాట. వర్తకునికి అంతకంటె చిట్టా ఆవర్జాలు నమ్మదగినవి.

జీవమును ఇట్లు కట్టుట దోషమా? ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున అహింసాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పినాడు: కట్టుట, కొట్టుట, అవయవములు కోయుట, మించిన బరువు మోపుట, అన్నపానములు ఆపుట. చెరకు బండ్లు లాగిన ఎడ్లను చూచిన అస్కావారికి నాలుగవదానిని వివరింప నక్కరలేదు. ఇవి ముఖ్యముగా మనుష్యులను, పశువులను గూర్చినవి. మొక్క ఏకేంద్రియ జీవము. కూర తరుగక గృహస్థునికి గడవదు. అయినను నిష్కారణముగా కొమ్మ విరుచుట అనర్థదండమే. జడవలన చెట్టునకేమి లాభము? ఏమియు లేదు. క్రొత్తగా అల్లించుటను సమర్థించుట కష్టము. ఇంటికి వచ్చిన మొక్క సంగతి వేరు.

కాండములు లేతగా, పచ్చగా ఉన్నప్పుడే వదులుగా ఒకదానిపై నొకటి దాటించి, కొనను మెత్తని దారముతో కట్టుదురు. పెరిగినకొలది మరియొక మెలిక. ముదిరినదానిని వంచిన విరుగును. ఇంతవరకు చేతి నేర్పు. కష్టమంతయు తరువాతనే. కాండము లావెక్కును, కట్టు లావెక్కదు. నీరు లోపలి కొయ్యగుండా పైకి పోవును. ఆకులు వండిన ఆహారము బెరడుగుండా క్రిందికి దిగును. కట్టు బెరడును కోసినచో వేళ్లు పస్తుండును. నీరందుచున్నంత కాలము ఆకులు పచ్చగానే ఉండుటచే యజమాని కనిపెట్టలేడు. మొదటి అతిచారమే అయిదవదగుట ఇట్లు.

పర్యుషణ దినములలో దుమ్ము తుడుచుచు ఆ వర్తకుని కోడలు రిబ్బను జరిపి చూచినది. క్రింద ప్లాస్టిక్ తీగ. "మామగారూ, ఇది బిగిసిపోయింది. ఎవరు విప్పుతారు?" అన్నది.

"కట్టింది మనం కాదు గదమ్మా" అన్నాడాయన.

సరకు కొన్నవారికి అలవాటైన సమాధానమే. కాని బాకీలతో సహా కొట్టు కొన్నవాడు పాత బాకీ తనది కాదనగలడా? హింసకు మూలము ప్రమాదము, అనగా ఏమరుపాటు. కట్టినవాని దోషము ఒకనాటిది. చూచియు విప్పనివానిది వడ్డీవలె దినదినము పెరుగును. ఆ రాత్రి ఆయనకు నిద్ర సరిగా పట్టలేదు.

మరునాడు తానే తీగ కత్తిరించినాడు. రెండు కాండములపై లోతుగా గాడులు పడియున్నవి. మూడవది నొక్కిన మెత్తగా ఉన్నది, చచ్చి చాలకాలమైనది. మిగిలినవాటికి గాయము తగులకుండ దానిని ముక్కలుగా తీసివేసిరి. జడ చెడినది. అందము పోయినదని, వేరొకటి తెచ్చుకొమ్మని బేరమునకు వచ్చినవారు చెప్పుచుందురు. ఆయన తేలేదు. మెలికల నడుమ ఖాళీతో ఆ రెండు కాండములు గల్లాపెట్టె ప్రక్కన అట్లే ఉన్నవి.