శ్రవణాధికారము

పెనుబల్లి చెంతనున్న అడవిలోని నీలాద్రీశ్వరునికి మహాశివరాత్రినాడు మ్రొక్కులు చెల్లింపవచ్చు జనములో, పిలిచినను పలుకని బిడ్డను చంకనెత్తుకొన్న తల్లిని చూచి, 'పూర్వజన్మకర్మ' యని పెదవి విఱుచువారు నేటికిని లేకపోలేదు. నవవిధభక్తులలో శ్రవణమే ప్రథమము గదా. మనన నిదిధ్యాసనములును దాని పిమ్మటివే గదా. మఱి చెవి వినబడని వానికి ఆ ద్వారము మూసికొనిపోయినట్లేనా?

ధర్మశాస్త్రమును జూడగా మొదట నిరాశయే కలుగును. మనువు పుట్టుగ్రుడ్డితోపాటు చెవిటివానికిని దాయభాగము లేదనెను. అన్నవస్త్రము లిచ్చిన చాలుననెను. బ్రిటిషిండియాలో 1928 నాటి శాసనము తొలగించువఱకు ఆ యనర్హత న్యాయస్థానములలో చెల్లుచునే యుండెను. అయితే మితాక్షరాకారుడైన విజ్ఞానేశ్వరుడు, విభాగమైన పిమ్మటనైనను ఔషధాదులచేత దోషము తొలగినయెడల వానికి భాగము కలదని వ్రాసెను. కర్మఫలమును మందు మాన్పరాదని తలచినవాడు ఈ మాట వ్రాయునా?

ఆ దోషమెక్కడనున్నదో తెలియవలెనన్న చెవి వినుతీరు ముందు చూడవలెను. శబ్దము ఆకాశగుణమనియు, కర్ణశష్కులిలో పరిమితమైన ఆకాశమే శ్రోత్రమనియు నైయాయికుల మతము. చెవివైద్యుడు శ్రుతిదండమును మోచేతికి తట్టి, మ్రోగుచున్న దాని కాడను చెవి వెనుకటి యెముకపై నానించును. వినబడుట ఆగినదని రోగి చేయెత్తగానే దానిని చెవిరంధ్రము ముందుంచును. ఆరోగ్యమైన చెవికి అది మఱల వినబడును. ఎముక విన్నది ఏ యాకాశమునో నైయాయికుల నడుగవలెనని నాకు కుతూహలము! గాలివెంట కంటె ఎముకవెంటనే బాగుగా వినబడినచో దోషము వెలిచెవిలోనో నడిమిచెవిలోనో యున్నదన్నమాట: గుబిలి గట్టిపడియుండును, లేదా చీము కారి కారి కర్ణభేరికి చిల్లు పడియుండును. ఇవి చాలవఱకు కుదురునవే; చిల్లుపడిన చెవిలో కాచిన నూనె పోయుట మాత్రము కీడు. లోచెవియందలి సూక్ష్మరోమకణములు నశించినచో మఱల మొలవవు. అప్పుడు వినికిడియంత్రము, అదియు చాలనిచో శ్రవణనాడిని విద్యుత్తుచే ప్రేరేపించు కాక్లియర్ ఇంప్లాంటు.

పసిబిడ్డ చేయెత్తి చెప్పజాలడు గనుక, నిద్రపుచ్చి తలపై తీగెలంటించి, చెవిలోని టకటక శబ్దములకు నాడియు మెదడుమొదలును స్పందించు తీరును బెరా పరీక్షచే చూతురు. జాతర వెంబడి జాతర గడచి భాషకు లేతవయసు దాటిపోయిన పిమ్మట ఇంప్లాంటు పెట్టినను ఫలము తక్కువ. సకాలమున పెట్టినను మాట నేర్పు శిక్షణ ఏండ్లపాటు సాగవలెను.

అదియు కుదరని బిడ్డ సంగతి? వేదాంతసారమున సదానందుడు శ్రవణమనగా షడ్లింగములచేత, అనగా ఆఱు గుర్తులచేత, తాత్పర్యమును నిశ్చయించుకొనుట యన్నాడు. అందు చెవి ప్రసక్తియే లేదు. ఆ తాత్పర్యము సంజ్ఞాభాషలో చేతివ్రేళ్లవెంట అందినను లక్షణమునకు భంగము లేదు. భంగమే యను పండితుడున్నచో, ముందు ఆ బిడ్డకు బెరా పరీక్ష చేయించి, పిదప వాదమునకు రావలెను.