తొలి నమ్మకానికి ప్రమాణం ఏది?

టెల్‌నెట్‌తో రౌటర్‌లోకి వెళితే పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా ప్రయాణిస్తుంది. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో అలా పాస్‌వర్డ్‌లు కాజేయడంతోనే తాతు యూలోనెన్ సమాచారాన్ని సంకేతాల్లో దాచి పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. సిస్కో రౌటర్‌లో దాన్ని పెట్టడం ఇప్పుడు చిన్న పని: హోస్ట్‌నేమ్, డొమైన్ పేరు ఇచ్చి, 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీల జత పుట్టించి, రెండో వెర్షన్‌ను మాత్రమే ఉంచి, దూరం నుంచి లాగిన్ అయ్యే వీటీవై లైన్లలో టెల్‌నెట్‌ను ఆపేస్తే చాలావరకు అయిపోయినట్టే. ఇక మధ్యలో పొంచివున్నవాడికి ఏమీ అర్థం కాదు. కానీ అవతల ఉన్నది మన రౌటరేనా? ఎన్‌క్రిప్షన్ ఒక్కటే దీనికి జవాబు చెప్పలేదు, మోసగాడితోనూ పరమ రహస్యంగా మాట్లాడవచ్చు. అందుకే తొలిసారి ఎస్‌ఎస్‌హెచ్ అవతలి కీ ఫింగర్‌ప్రింట్ చూపించి, నమ్మమంటావా అని అడుగుతుంది. చాలామంది చదవకుండానే ఎస్ కొడతారు.

ఇలా పరీక్షించకుండా నమ్మవచ్చా అన్నది మన దర్శనాల్లో పాత వాదమే. జ్ఞానం స్వతః ప్రమాణమనీ, బాధకం, అంటే దాన్ని కాదనే జ్ఞానం, ఎదురయ్యేదాకా శంకించనక్కర్లేదనీ కుమారిలభట్టు వంటి మీమాంసకులు వాదించారు. జ్ఞానం నిజమన్నది, అంటే దాని ప్రామాణ్యం, వేరే ఆధారంతో తేలాలన్నారు న్యాయదర్శనానికి చెందిన నైయాయికులు. తొలి కీని గుర్తుపెట్టుకుని, అది మారిన రోజున హెచ్చరించే ఎస్‌ఎస్‌హెచ్ పద్ధతి మీమాంసకులకు దగ్గరగా ఉంది. నిత్యజీవితంలో ఆ దారి లేకుండా అడుగు పడదు, నిజమే. కానీ దొంగ మొదటి రోజే మధ్యలో కూర్చుంటే అతని కీనే మనకు అసలుదవుతుంది. తర్వాత నిజమైన రౌటర్ పలికినప్పుడు హెచ్చరిక దాని మీదే వస్తుంది. బాధకం సత్యాన్నే దోషిగా నిలబెడుతుంది! మోసానికి అవకాశమూ ప్రయోజనమూ ఉన్నచోట నైయాయికుల పక్షమే సరైనదని నా నిశ్చయం.

ఆ ఆధారానికి మరో ఆధారం, దానికి మరొకటి కావాలంటే అంతులేని పరంపర, అంటే అనవస్థ కదా అని మీమాంసకుల ఆక్షేపణ. బలమైన ఆక్షేపణే. అయితే మన ఆచరణకే విరుద్ధమయ్యేచోట శంక ఆగుతుందని నైయాయికుడైన ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో చూపాడు. రౌటర్ ముందు నిలబడి, కన్సోల్ కేబుల్ తగిలించి కీ పుట్టించినవాడు తాను చూస్తున్నది ఆ రౌటర్ కీ కాదేమోనని శంకిస్తే, ఆ పెట్టెను వాడటానికే అర్థం ఉండదు. వందల రౌటర్లున్నచోట ప్రతివాడూ కన్సోల్ దాకా వెళ్లలేడన్నదీ వాస్తవమే. అక్కడ శబ్దప్రమాణం, అంటే నమ్మదగినవాడి మాట, పనికొస్తుంది. తర్కసంగ్రహంలో అన్నంభట్టు చెప్పిన ఆప్తుడు, అంటే ఉన్నదున్నట్టు చెప్పేవాడు, ఇక్కడ రౌటర్‌ను బిగించిన మనిషే. అతను రాసిపెట్టిన ఫింగర్‌ప్రింట్ల పట్టికతో పోల్చాకే మిగతావాళ్లు ఎస్ అనాలి. ఆ పట్టిక కూడా శంకించాల్సిన నెట్‌వర్క్ మీదుగానే రక్షణ లేకుండా వస్తే కథ మళ్లీ మొదటికే వస్తుంది, దాన్ని వేరే దారిలో చేర్చాలి.